నగరపు ఊపిరికి కావలి: శ్వాసకోశ వ్యాధుల నిఘాపై ఒక సమీక్ష

తొలకరి వానలు కురిసి నేల చల్లబడిన కొలది వారములకే హైదరాబాదు నగరమున ఏటేట ఒక మార్పు కానవచ్చును. నల్లకుంట జ్వరాసుపత్రి ముంగిట ఓపీ చీటీల కొఱకు జనము బారులు తీరుదురు. పిల్లల వైద్యశాలలలో ఎగశ్వాసతో బాధపడు పసికందులను భుజమున వేసికొని తల్లులు తమ వంతునకై కాచుకొనియుందురు. బస్తీలలోని మందుల దుకాణములలో దగ్గుమందు సీసాల అమ్మకము పెరుగును. ఎవరిని పలుకరించినను "అంతటను వైరల్ జ్వరములే" యను మాటయే వినవచ్చును. ఆ మాటలో నిజమున్నను, దానివలన వైద్యునకు గాని, పురపాలకునకు గాని, రోగికి గాని తెలియవచ్చునది మిక్కిలి స్వల్పము. ఈ జ్వరములకు మూలమైన వైరసు ఏది? నిరుడు వచ్చినదే మరల వచ్చినదా, లేక దాని రూపము మారినదా? పసివారిని పట్టుచున్నదా, వృద్ధులను పట్టుచున్నదా? గడచిన వారముకంటె ఈ వారము హెచ్చినదా, తగ్గుముఖము పట్టినదా? ఈ ప్రశ్నలకు ఏ ఒక్క వైద్యుడును, ఎంతటి అనుభవశాలియైనను, తన గదిలో కూర్చుండి సమాధానము చెప్పజాలడు. ఏలయన అతని కంటబడునది తన యొద్దకు వచ్చిన రోగి మాత్రమే గాని, నగరము కాదు.

వేర్వేరు వైద్యశాలలలో వేర్వేరు వైద్యులు చూచినదానిని ఒకే కొలతతో కొలిచి, ఒకచోట చేర్చి, కాలక్రమమున పరిశీలించి, తెలిసినదానిని మరల వైద్యునకును ప్రజలకును అందించు పద్ధతికే రోగనిఘా యని పేరు. ఈ నిఘా ఎట్లు పుట్టినది, మన దేశమున ఏ రూపము దాల్చినది, హైదరాబాదు అనుభవము దానినిగూర్చి ఏమి బోధించుచున్నది, దాని శక్తి యెంత, పరిమితులెవ్వి యను విషయములను ఈ వ్యాసమున సమీక్షింపదలచితిని. యంత్రములును, పరీక్షలును, కంప్యూటరు జాలములును ఎంత ఉపయోగకరములైనను, నిఘాకు ప్రాణము విరామము లేని కొనసాగింపేయని నా దృఢవిశ్వాసము. వ్యాధి లేని వారములలో శ్రద్ధగా వ్రాసిన లెక్కయే వ్యాధి ప్రబలిన వారపు లెక్కకు అర్థమును ప్రసాదించును.

పూర్వచరిత్ర

మరణముల లెక్కనుబట్టి వ్యాధిగమనమును గుర్తించు విద్య లండను నగరమున పొటమరించినది. అచ్చట వారమువారము ప్రకటింపబడుచుండిన మరణపట్టికలను జాన్ గ్రాంట్ అను వర్తకుడు ఓపికతో పరిశీలించి 1662లో ఒక గ్రంథమును వెలువరించెను. రెండు శతాబ్దములకు పిమ్మట విలియం ఫార్ ఆ విద్యకు శాస్త్రగౌరవమును సంపాదించి పెట్టెను. 1847 నాటి ఇన్‌ఫ్లూయెంజా కాలమున ఆయన ఆ వ్యాధి పేరిట నమోదైన మరణములను లెక్కించి ఊరకొనక, ఆ ఋతువున సామాన్యముగా సంభవించు మరణములకంటె ఎన్ని యధికముగా సంభవించినవో గణించి, అసలు నష్టము ధ్రువపత్రములలో కనబడుదానికంటె ఎన్నో రెట్లు హెచ్చని చూపెను. సామాన్యమెంతో యెఱిగినవానికే అసామాన్యము గోచరించునను సూత్రము నాడు స్థిరపడినది. నేటి మన లెక్కలన్నియు దానిపైననే నిలిచియున్నవి.

ఆ సూత్రమును ఆచరింపని దేశమునకు కలుగు కష్టమేమో 1918లో భారతదేశము కన్నీటితో నేర్చుకొనినది. ఆ యేడు జూన్ మాసమున బొంబాయి రేవుపట్టణమున తలయెత్తిన ఇన్‌ఫ్లూయెంజా, వర్షకాలము ముగియునప్పటికి మరింత ఘోరరూపము దాల్చి, రైలు మార్గముల వెంట దేశమంతటను వ్యాపించినది. మృతులు సుమారు 60 లక్షలని తొలుత అధికారులు అంచనా వేసిరి. 1921 జనాభా లెక్కలు వెలువడిన పిమ్మట, పదేండ్లలో పెరుగవలసిన జనసంఖ్య తగ్గినదని తేలగా ఆ అంచనా చాలదని స్పష్టమైనది. 1951లో ప్రకటితమైన తన గ్రంథమున కింగ్‌స్లీ డేవిస్ ఆ సంఖ్య 2 కోట్ల వరకు ఉండవచ్చునని నిర్ణయించెను. తరువాతి పరిశోధకులు దానిని కొంత తగ్గించిరి. చితులు చల్లారిన మూడు దశాబ్దములకు గూడ మృతుల సంఖ్య తేలలేదనినచో, బ్రదికియుండగా వారిని కాపాడుటకు కావలసిన సమాచారము ఆనాడు ఎవ్వరిచేతిలోను లేకపోయెననుట వేఱుగా చెప్పనక్కరలేదు.

మానవులయందు ఇన్‌ఫ్లూయెంజాను కలిగించు వైరసును 1933లో లండనులో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు వేఱుపఱచిరి. ఆ వైరసు నిలకడ లేనిదనియు, ఏటేట స్వల్పముగను, అరుదుగా ఒక్కపెట్టునను రూపము మార్చుకొనుననియు క్రమముగా తెలియవచ్చెను. ఏ దేశమున ఏ రూపము సంచరించుచున్నదో ఎడతెగక కనిపెట్టుచుండవలసిన అవసరమును గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో ఒక అంతర్జాతీయ ప్రయోగశాలా వ్యవస్థను నెలకొల్పినది. నూటికి పైబడిన దేశములు నేడు దానియందు పాలుపంచుకొనుచున్నవి. ఏటేట ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకును, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకును టీకాలో ఏ రూపములు చేర్పవలెనో నిర్ణయించునది ఆ వ్యవస్థయే. ఎక్కడనో ఒక వైద్యశాలలో ఒక నర్సు రోగి ముక్కునుండి తీసిన నమూనా, మరుసటి యేడు లక్షలాది ప్రజలకు వేయు టీకా కూర్పును నిర్ణయించు ఆధారములలో ఒకటి కావచ్చును.

మన దేశపు ఏర్పాటు

1952లోనే రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహకారముతో పుణె నగరమున వైరసు పరిశోధనా కేంద్రము వెలసినది. 1978 నుండి అది జాతీయ వైరాలజీ సంస్థగా వ్యవహరింపబడుచున్నది. దేశవ్యాప్తముగా జిల్లాల స్థాయిలో వ్యాధులను కనిపెట్టు సమగ్ర నిఘా కార్యక్రమము 2004లో ఆరంభమైనది. దాని నిర్మాణము సులభగ్రాహ్యము. గ్రామమునను బస్తీయందును ఆరోగ్య కార్యకర్త లక్షణములను మాత్రము చూచి నింపునది ఎస్ ఫారము. వైద్యుడు పరీక్షించి తన అనుమానమును నమోదు చేయునది పీ ఫారము. ప్రయోగశాల నిర్ధారించినదానిని తెలుపునది ఎల్ ఫారము. కాగితములపై వారమున కొకమారు పయనించుచుండిన ఈ మూడు ప్రవాహములును ఇప్పుడు ఆన్‌లైను వేదికపై నమోదగుచున్నవి. వీనికితోడుగా భారత వైద్య పరిశోధనా మండలి వైద్య కళాశాలలయందు వైరసు ప్రయోగశాలలను నెలకొల్పి, పుణెకు నమూనా పంపి ఫలితమునకై రోజులు లెక్కించుకొను దుఃస్థితిని చాలవఱకు తొలగించినది.

మూడు ఫారములు మూడు సత్యములను చెప్పును. మొదటిది విస్తారమైనది గాని అస్పష్టము; మూడవది స్పష్టమైనది గాని మిక్కిలి సంకుచితము; రెండవది ఈ రెంటికిని నడుమ నిలుచును. ఒక దానితో వేఱొకటి కలియనపుడు, ఏది తప్పని వాదులాడుటకంటె, ఎందుచేత కలియలేదని విచారించుటయే వివేకము. జ్వరములు పెరిగి, పరీక్షలలో ఇన్‌ఫ్లూయెంజా కనబడనిచో, అది డెంగీ కావచ్చును, పరీక్షింపబడని వేఱొక వైరసు కావచ్చును, నమూనాలు సరిగా తీయబడకపోయి యుండనూవచ్చును.

హైదరాబాదు అనుభవము

రోగకారణమును వెదకుటలో ఈ జంటనగరములకు పాతకీర్తి కలదు. దోమయందు మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొనినది సికింద్రాబాదులోనే. నల్లకుంట జ్వరాసుపత్రి ఆయన పేరనే యున్నది. పెద్దలు దానిని నేటికిని కోరంటి దవాఖానా యనియే పిలుచుచుందురు. ఎఱ్ఱగడ్డ ఛాతీ వైద్యశాల, గాంధీ, ఉస్మానియా వైద్యశాలలు, నీలోఫరు శిశు వైద్యశాల, నారాయణగూడలోని నివారణ వైద్య సంస్థ ప్రయోగశాల — వీనిని కలిపి చూచినచో నగరము తన ఊపిరిని పరీక్షించుకొనుటకు కావలసిన అంగములన్నియు ఇచ్చటనే కలవని చెప్పవచ్చును.

2009 మే 16న, విదేశమునుండి విమానమున హైదరాబాదు చేరిన ఒక ప్రయాణికునియందు నూతన హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లూయెంజా ధ్రువపడినది. దేశమున అదియే తొలి కేసు. విమానాశ్రయమున జ్వరపరీక్ష, ఛాతీ వైద్యశాలలో ప్రత్యేక వార్డు, సహప్రయాణికుల అన్వేషణ — ఇవి యన్నియు ఆనాడు మన నగరమునకు క్రొత్త. కాని ద్వారమునొద్ద నిలిచిన కావలి ఎంత మెలకువతో నున్నను, లక్షణములు పొడసూపకమునుపే మనిషి లోనికి వచ్చును గనుక, వ్యాధి ప్రవేశము ఆగలేదు. ఆగస్టు మాసమున పుణెలో తొలి మరణము సంభవించినపుడు, అప్పటికే ఆ వైరసు ఎందఱో స్థానికులయందు సంచరించుచున్నదని తేటతెల్లమైనది. ద్వారపు కావలికంటె ఇంటిలోని కావలి ముఖ్యమను పాఠమును ఆ సంవత్సరము నేర్పినది.

2015 ఆరంభమున అదే వైరసు మరల విజృంభించినది. జనవరి చలిలో తెలంగాణమున కేసులు హఠాత్తుగా పెరిగి, తరువాత రాజస్థాన్, గుజరాత్ మున్నగు రాష్ట్రములను వ్యాధి ముంచెత్తినది. ఆ యేడు దేశమున నిర్ధారితమైన కేసులు 42,592; మరణములు 2,990. ఈ సంఖ్యలను చదువునపుడు ఒక మెలకువ అవసరము. పరీక్షింపబడినవారిలో నిర్ధారితమైనవారి సంఖ్య ఇది. వ్యాధి సోకినవారి సంఖ్య కాదు. స్వల్పజ్వరముతో ఇంటనే కోలుకొనినవారు ఇందులో లేరు గనుక, ఒక సంఖ్యను వేఱొకదానిచే భాగించి, నూటికి ఏడుగురు మరణింతురని భయపడుట గణితమునకును, ప్రజల మనశ్శాంతికిని ద్రోహమే యగును.

2020 మార్చి 2న తెలంగాణమున తొలి కోవిడ్ కేసు వెలువడినది. గాంధీ వైద్యశాల ఆ మహమ్మారికి ప్రధాన చికిత్సాలయమైనది. ఆ వేసవిలో పరీక్షలు కొఱతగా నుండి, ఎందఱికి సోకినదో ఎవ్వరికిని తెలియనపుడు, నగరములోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధనా సంస్థల శాస్త్రజ్ఞులు ఒక నూతన మార్గమును తొక్కిరి. సోకినవారి మలమునందు కొన్ని వారముల వఱకు వైరసు జన్యుపదార్థము విసర్జింపబడుచుండునను ఆధారముపై, వారు మురుగునీటి శుద్ధికేంద్రములనుండి నమూనాలు తీసి, అందలి వైరసు పరిమాణమును కొలిచి, సుమారు 35 దినముల కాలములో 6.6 లక్షల మందికి ఆ సంక్రమణ కలిగియుండునని ఆగస్టులో అంచనా వెలువరించిరి. వైద్యశాల గడప తొక్కని వారు సైతము ఆ లెక్కలో చేరిరి. ఎవ్వరి పేరును అడుగక, ఎవ్వరిని నొప్పింపక, నగరము తన స్థితిని తానే తెలుపుకొనినట్లైనది. అయితే ఎవరికి ఎంత తీవ్రముగా వచ్చినదో మురుగునీరు చెప్పజాలదు. ఆ మాట చెప్పగలది రోగి మంచము మాత్రమే.

నిర్వచనమను జల్లెడ

నిఘాకు మొదటి మెట్టు ఎవరిని లెక్కింపవలెనో నిర్ణయించుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సవరించిన నిర్వచనముల ప్రకారము, పది దినములలోపల ఆరంభమైన శ్వాసకోశ సంక్రమణతో 38 డిగ్రీల సెల్సియసుకు, అనగా 100.4 ఫారన్‌హీటుకు తగ్గని జ్వరమును, దగ్గును ఉన్నచో అది ఫ్లూను పోలిన వ్యాధి. జ్వరము వచ్చినట్లు రోగి చెప్పినను, కొలిచి చూచినను, దగ్గుతోపాటు వైద్యశాలలో చేర్చుకొనవలసిన అవసరము కలిగినచో అది తీవ్ర శ్వాసకోశ వ్యాధి. వైద్యులు తమలో తాము మొదటిదానిని ఐఎల్ఐ యనియు, రెండవదానిని సారి యనియు వ్యవహరింతురు.

నిర్వచనము జల్లెడవంటిది. కన్నములు పెద్దవైనచో నూకలును దిగిపోవును. చిన్నవైనచో గింజలే పైన నిలిచిపోవును. మన వర్షకాలమున డెంగీ, మలేరియా, టైఫాయిడ్ జ్వరములు ఇన్‌ఫ్లూయెంజాతో కలిసియే వచ్చును గనుక, జ్వరము నొక్కదానినే ప్రమాణముగా గొనినచో లెక్క యంతయు కలగాపులగమగును. దగ్గును చేర్చుటచే ఆ గందరగోళము చాలవఱకు తీరును. కాని జ్వరము తప్పనిసరియనినచో, శ్వాసకోశ సిన్షియల్ వైరసు అనబడు ఆర్‌ఎస్‌వీ సోకిన పసిబిడ్డలలో అనేకులు లెక్క తప్పిపోవుదురు. ఏలయన ఆ శిశువులలో పలువురికి జ్వరము రాదు, ఆఱు మాసములలోపు వారికి ఒక్కొక్కప్పుడు ఊపిరి ఆగుటయే తొలి లక్షణము. వృద్ధులయందును జ్వరము మందగించుట వైద్యులెఱిగినదే. కావున ఆర్‌ఎస్‌వీ నిఘాకు జ్వరపు షరతును సడలించిన నిర్వచనమును వాడుచున్నారు. ఏ నిర్వచనమును గ్రహించినను ఒక నియమము మాత్రము అనుల్లంఘనీయము: మధ్యలో దానిని మార్చరాదు, మార్చవలసివచ్చినచో ఏనాడు మార్చితిమో స్పష్టముగా వ్రాయవలయును. లేనిచో వ్యాధి మారినదో, మన కొలత మారినదో ఎవ్వరికిని తెలియదు.

ఒక నమూనా ప్రయాణము

గణాంకములన్నిటికిని మూలమైన ఆ చిన్న నమూనాను ఒకింత దగ్గరగా చూతము. వార్డులో చేరిన రోగి తల వెనుకకు వాల్చి కూర్చుండగా, ముఖమునకు మాస్కును, చేతులకు తొడుగులును ధరించిన నర్సు సన్నని నైలాను కుంచెగల పుల్లను ముక్కురంధ్రములోనికి, పైకి గాక చెవివైపునకు సమానముగా పోనిచ్చి, వెనుక గోడ తగిలినంతనే కొలది క్షణములు మెల్లగా త్రిప్పి వెలికి తీయును. రోగి కంట నీరు తిరుగును, తుమ్ము వచ్చును. మఱియొక పుల్లతో గొంతు వెనుకభాగమును తుడుచును. సాధారణ దూదిపుల్లగాని, కఱ్ఱపుల్లగాని దీనికి పనికిరాదు. అందలి పదార్థములు పరీక్షను చెడగొట్టును. రెండు పుల్లలను గులాబివన్నె ద్రవము గల చిన్న గొట్టములో ముంచి, కొసలు విఱిచి, మూత బిగించి, పేరు, సంఖ్య, తేదీ గల చీటీని అంటింతురు. 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో మంచుగడ్డల పెట్టెలో అది ప్రయోగశాలకు పోవలయును. మూడు దినములలోపల పరీక్షింపజాలనిచో సున్నకు దిగువ 70 డిగ్రీల శీతలములో దాచవలయును.

ఈ క్రమములో ఎక్కడ అజాగ్రత్త కలిగినను ఫలితము "లేదు" అనియే వచ్చును. పుల్ల ముక్కు ముంగిటనే తిరిగినను లేదు; మధ్యాహ్నపు ఎండలో పెట్టెయందలి మంచు కరగినను లేదు; జ్వరము వచ్చిన పదవనాడు నమూనా తీసినను బహుశః లేదు. వ్యాధి లేక "లేదు" అనుటకును, పని చెడి "లేదు" అనుటకును కాగితముపై భేదము కనబడదు. ఇందుచేతనే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో మానవకణముల జన్యువును గూడ వెదకుదురు. అది సైతము కనబడనిచో నమూనాయే సరిగా రాలేదని తెలియును. ఫారమునందు జ్వరారంభ దినము, వయస్సు, టీకా వేయించుకొనినదియు లేనిదియు, గర్భము, మధుమేహము, ఉబ్బసము మున్నగు వివరములు నింపబడియున్నగాని ఆ నమూనాకు పూర్ణమైన విలువ రాదు. రాత్రి విధులలో అలసిన యువవైద్యుడు ఆ గడులను ఓపికతో నింపుట ఎంతటి ప్రజాసేవయో సామాన్యముగా ఎవరును గుర్తింపరు.

సంఖ్యలను చదువు విధము

ఒక వారము 100 నమూనాలు పరీక్షింపగా 12 ఇన్‌ఫ్లూయెంజా తేలినవనుకొందము. మరుసటి వారము 20 మాత్రమే పరీక్షింపగా 8 తేలినవనుకొందము. కేసులు 12 నుండి 8కి తగ్గినవని ఒకరు సంతోషింపవచ్చును. నూటికి 12గా నున్న నిష్పత్తి నూటికి 40కి పెరిగినదని వేఱొకరు కలవరపడవచ్చును. రెండవ వారము సెలవులచే పరీక్షలు తగ్గి, మిక్కిలి బాధపడువారినే పరీక్షించియుండినచో ఇద్దఱి భావమును తొందరపాటే. కనుక ఎన్ని తేలినవి, ఎన్నిటిలో తేలినవి, ఎవరిని ఎంచి పరీక్షించిరి అను మూడు ప్రశ్నలును ఎల్లప్పుడును కలిసియే యుండవలయును. వారమున ఫలానా దినములందు చేరిన ప్రతి సారి రోగిని, లేదా ప్రతి మూడవ రోగిని పరీక్షింపవలెనను ముందటి నియమమున్నచో వైద్యుని అభీష్టమునకు తావుండదు.

వైద్యశాలకు వచ్చు జనసంఖ్య ఎంతయో తెలియనిచో లక్షకు ఇందఱికి వ్యాధియని చెప్పుట సాధ్యము కాదు. గాంధీ వైద్యశాలకు మహబూబ్‌నగరు, ఆదిలాబాదులనుండియు రోగులు వత్తురు; నగరములోని స్తోమతుగలవారు కార్పొరేటు వైద్యశాలలకు పోవుదురు. ప్రభుత్వ వైద్యశాల లెక్కను నగరపు లెక్కగా భావించుట ఇందుచేత ప్రమాదకరము. మఱియొక చిక్కు కాలవిలంబము. జ్వరము వచ్చుట, వైద్యశాల చేరుట, నమూనా తీయుట, ఫలితము వచ్చుట, నమోదగుట — ప్రతి మెట్టునను కొన్ని దినములు గడచును. అందుచేత పట్టికలో చివరి వారము ఎల్లప్పుడును తక్కువగా కనబడును. దానిని చూచి వ్యాధి తగ్గినదని ప్రకటించిన అధికారి మరుసటి వారము మాట మార్చుకొనవలసి వచ్చును. నింపని వారపు సంఖ్యను సున్నగా వ్రాయుట అన్నిటికంటె పెద్ద తప్పు. చూడకపోవుటకును, చూచి లేదనుటకును గల దూరము అపారము.

ఋతువులు

శీతలదేశములలో ఇన్‌ఫ్లూయెంజా చలికాలపు వ్యాధి. మన దేశమున అట్టి ఏకరూపత లేదు. నిఘా కేంద్రములు పలు సంవత్సరములు సేకరించిన లెక్కలనుబట్టి, శ్రీనగరమున అది జనవరి మొదలు మార్చి వఱకు హెచ్చును. ఢిల్లీ, పుణె, కలకత్తా మున్నగుచోట్ల నైఋతి వర్షకాలమున, జూలై నుండి సెప్టెంబరు నడుమ శిఖరమందును. ఈశాన్య ఋతుపవనపు వానలు పొందు చెన్నపట్టణము, వేలూరులలో అక్టోబరు, నవంబరు మాసములకు జరుగును. వర్షకాలమునకు ముందే, ఏప్రిల్ మే మాసములలో టీకా వేయించుకొనుట అనేక నగరములకు హితకరమని ఈ లెక్కలనుండియే నిశ్చయింపవచ్చును. పాశ్చాత్యుల క్యాలెండరును అనుసరించి అక్టోబరునకై వేచియుండినచో వాన వెలిసిన పిమ్మట గొడుగు కొనినట్లగును. అయినను 2015 జనవరి యనుభవము, వానకాలపు శిఖరము గల ప్రాంతమునకు గూడ చలికాలమున ప్రమాదము కలదని హెచ్చరించుచున్నది. తన నగరపు ఋతుక్రమమును తానే కనిపెట్టుకొనుటకంటె వేఱు మార్గము లేదు.

పరిమితులు

వైద్యశాలలో చేరని వారిని వైద్యశాల నిఘా చూడజాలదు. ప్రథమజ్వరమునకు మన ప్రజలలో అనేకులు ఆర్‌ఎంపీని గాని, మందుల దుకాణపు వానిని గాని ఆశ్రయింతురు. ఏదో యొక యాంటీబయాటిక్ మ్రింగి పనికి పోవుదురు. 2018 నుండి నగరమున వెలసిన బస్తీ దవాఖానాలు ఈ లోటును కొంత పూరింపగలవు. ప్రతి సర్కిలునకు ఒకదానిని ఫ్లూ జ్వరముల కావలి కేంద్రముగా నియమించినచో వైద్యశాల లెక్క శిఖరముగా, బస్తీ లెక్క పాదముగా, వ్యాధి స్వరూపము సంపూర్ణముగా గోచరించును. మరణముల లెక్కయు అసమగ్రమే: 2020లో దేశమున నమోదైన మరణములలో కారణము వైద్యునిచే ధ్రువపఱుపబడినవి నూటికి 22.5 మాత్రమే. ఫార్ తన కాలమున చేసిన పనిని మన కాలమున మనము చేయుటకు ఇది గొప్ప ఆటంకము.

యంత్రములకు గోచరింపని సంకేతము ఒకటి కలదు: వైద్యసిబ్బందియే జబ్బుపడుట. 2003లో హనోయి నగరమున ఒక వైద్యశాలలో సిబ్బంది వరుసగా విచిత్రమైన న్యుమోనియాకు గురియగుచుండగా, కార్లో అర్బానీ అను ఇటలీ వైద్యుడు దాని ప్రమాదమును గ్రహించి ప్రపంచ ఆరోగ్య సంస్థను హెచ్చరించెను. సార్స్ వ్యాధి ప్రపంచమునకు అట్లు తెలియవచ్చినది. మార్చి 29న ఆ వ్యాధియే ఆయనను బలిగొనినది. ఏ వార్డులోనైనను ఇద్దఱు ముగ్గురు నర్సులు ఒకే వారమున ఊపిరితిత్తుల జబ్బుతో పడకచేరినచో, ఫారము గడువునకై వేచియుండక నాడే తెలియజేయుట ప్రతి వైద్యశాల ధర్మము. అట్టి వార్తను అపకీర్తికి వెఱచి దాచినచో, దాని మూల్యమును నగరమంతయు చెల్లింపవలసివచ్చును.

"వైరసు పేరు తెలిసిన మాత్రమున చికిత్స మారునా?" యని కొందఱు వైద్యులు ఆక్షేపింతురు. వారి ప్రశ్న న్యాయమైనదే, సమాధానమును గట్టిదే. ఇన్‌ఫ్లూయెంజా సంచరించుచున్నదని తెలిసినచో గర్భవతులకును, వృద్ధులకును ఓసెల్టామివిర్ అను వైరసు నిరోధక మాత్రను ఆలసింపక మొదటి రెండు దినములలో ఇయ్యవచ్చును. వైరసే కారణమని తేలినచోట యాంటీబయాటిక్ వ్యర్థప్రయోగమును మానవచ్చును. ఆక్సిజనును, పడకలను ముందుగా సమకూర్చుకొనవచ్చును. 2023 మార్చిలో దేశమంతటను వీడని దగ్గు ప్రబలినపుడు, 30 ప్రయోగశాలల నిఘా లెక్కలాధారముగా వైద్య పరిశోధనా మండలి దానికి హెచ్3ఎన్2 ఇన్‌ఫ్లూయెంజాయే ముఖ్యకారణమని తెల్పినది. వైద్యశాలలలో చేరిన ఆ రోగులలో నూటికి 92 మందికి జ్వరము, 86 మందికి దగ్గు ఉండగా, 10 మందికి ఆక్సిజను, 7గురికి ఐసీయూ చికిత్స అవసరమైనట్లును వెల్లడించినది. ఎన్ని పడకలు సిద్ధముగా నుండవలెనో యోచించు వైద్యశాలాధికారికి అంతకంటె కావలసిన సమాచారమేమి?

లేదనుటకును సాక్ష్యము కావలెను

నిఘా ఘనత భయమును రేపుటలోకంటె భయమును తీర్చుటలో స్పష్టముగా కనబడును. 2025 జనవరిలో చైనాలో శ్వాసకోశ వ్యాధులు పెరిగినవను వార్తలు విని మన ప్రజలు హెచ్‌ఎంపీవీ యను వైరసు పేరునకు కలవరపడిరి. అదే సమయమున కర్ణాటకమున ఇద్దఱు శిశువులయందు ఆ వైరసు కనబడెనను వార్తయు వెలువడినది. కాని ఆ కేసులు నిత్యనిఘాలో భాగముగనే తేలినవనియు, 2001లో గుర్తింపబడిన ఆ వైరసు ఏటేట మన దేశమున సంచరించుచున్నదే యనియు, తీవ్ర శ్వాసకోశ వ్యాధులు అసాధారణముగా పెరుగలేదనియు వైద్య పరిశోధనా మండలి తన పాతలెక్కలను చూపి చెప్పగలిగినది. పాతలెక్కలే లేకపోయినచో ఆ మాట ఎవరు చెప్పగలిగెడివారు, ఎవరు నమ్మెడివారు?

ఇంతకంటె ఆశ్చర్యకరమైన నిదర్శనము కలదు. బీ తెగ ఇన్‌ఫ్లూయెంజాలో యమగటా యను శాఖ, కోవిడ్ కాలపు కట్టుబాట్ల నడుమ, 2020 మార్చి పిమ్మట ప్రపంచమున ఎక్కడను నిశ్చయముగా కనబడలేదు. దేశదేశముల ప్రయోగశాలలు సంవత్సరముల తరబడి వెదకి వెదకి, కానరాలేదని వారమువారము వ్రాయుచు పోయినవి. ఆ సాక్ష్యమును విశ్వసించియే 2023 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ శాఖను టీకాలనుండి తొలగింపవచ్చునని సూచించినది. ఒక వైరసు లేకపోవుటను ప్రపంచమంతయు నిశ్చయించుకొనగలుగుట, ఎవ్వరును మెచ్చుకొనని లక్షలాది శూన్యఫలితముల పుణ్యము.

కర్తవ్యము

మన నగరములలో నిఘా మహమ్మారి రాగానే మేల్కొని, అది తగ్గగానే నిద్రించుట అలవాటైనది. ఆపత్కాలమున నియమింపబడిన సాంకేతిక సిబ్బందిని ఆపద గడచినంతనే పంపివేయుదురు, కిట్లకు నిధులు నిలిచిపోవును, ఫారములు నింపువాడుండడు. మరల మూడేండ్లకు వ్యాధి వచ్చినపుడు పోల్చి చూచుకొనుటకు నడిమి సంవత్సరముల లెక్క యుండదు. ఈ దోషమును తొలగించుటకు అపారధనము అక్కరలేదు. నగరమున ప్రభుత్వ వైద్యశాలలు కొన్ని, ప్రైవేటు వైద్యశాలలు కొన్ని, బస్తీ దవాఖానాలు కొన్ని ఎంచి, పిల్లలును పెద్దలును అందఱును ప్రతినిధులుగా నుండునట్లు చూచి, మార్పులేని నిర్వచనముతో, మార్పులేని నియమముతో, ఏటి పొడవునను వారమువారము కొలది నమూనాలనైనను పరీక్షింపవలయును. వేసవిలో వేయి నమూనాలు మాని వానలో పదివేలు చేయుటకంటె, ప్రతి వారము ఏబది చేయుట మేలు. మురుగునీటి పరీక్షను దీనికి జతపఱుపవలయును. రోగుల పేర్లు ప్రయోగశాల గడప దాటకుండ కాపాడవలయును.

అన్నిటికంటె ముఖ్యమైనది, తీసికొనినదానిని తిరిగి యిచ్చుట. ఫారము నింపిన వైద్యునకు ఆ ఫారమేమైనదో నేడు తెలియదు. పైకి పోయిన సమాచారము క్రిందికి దిగివచ్చుట అరుదు. తన సంఖ్యలవలన ఏమి తేలినదో తెలియనివాడు కాలక్రమమున శ్రద్ధను కోల్పోవుట సహజము, అందుకు అతనిని నిందింపరాదు. ప్రతి సోమవారము ఒక్క పుటలో, ఏ వైరసు ఏ వయస్సువారిలో ఎంత సంచరించుచున్నది, గడచిన అయిదేండ్లలో ఇదే వారమునకంటె హెచ్చా తక్కువా, ఎవరు జాగ్రత్త వహింపవలెను అను విషయములను తెలుగులోను, ఉర్దూలోను అచ్చొత్తించి ప్రతి వార్డు గోడపైనను, ప్రతి బస్తీ దవాఖానా తలుపుపైనను, పత్రికలలోను ప్రకటించినచో, వైద్యుడు తన శ్రమకు ఫలము చూచుకొనును; తల్లి తన బిడ్డ దగ్గునకు ఎప్పుడు భయపడవలెనో, ఎప్పుడు భయపడనక్కరలేదో తెలిసికొనును. వ్యాధి తక్కువగా నున్న వారమున గూడ ఆ పుట తప్పక వెలువడవలయును. ఈ వారము విశేషమేమియు లేదని ధైర్యముగా చెప్పగలిగిన నగరముయొక్క హెచ్చరికనే, ప్రమాదకాలమున ప్రజలు నమ్మి ఆచరింతురు.